ఏం చూశావు?

అడిగితే పోయేదేముంది అంటారు.
పోతుంది. ముందు బ్యాటరీ పోతుంది.
ఆపైన, కెయోన్ రేవు నుంచి మెలింకా దాకా
పడవల్లో అప్పుడే కన్నంటుకున్న
పదిహేను మంది నిద్ర పోతుంది.

ఆ రాత్రి నాకివేం తెలీవు.
చిలొయే దీవి వాన,
పైనుంచి కాదు, పక్కనుంచి కురిసేది.
ఇంజను రెండుసార్లు దగ్గి ఆగిపోయింది.
లంగరు దించాక నేను చేసిన మొదటి పని
రేడియో అందుకోవడం.
"ఇంజను పనిచేయట్లేదు. ఎవరైనా చెప్పండి."

చెప్పారు.
ఒకడు బ్యాటరీ అన్నాడు. ఒకడు ఇంజెక్టర్లన్నాడు.
ఒకావిడ ముందు దణ్ణం పెట్టుకోమంది.
కెయిలెన్ వైపు నుంచి ఎవడో ఆవులించి
ఈ పిల్లకి పడవెవరిచ్చారన్నాడు.
అందరూ చెప్పారు, ఎవరూ చూడకుండా.
నేనూ చూడలేదు,
దాని పక్కనే నిలబడి ఉండి.

అప్పుడు గరగరలోంచి ఎలూతెరియో నవెల్కిన్.
డెబ్బై రెండేళ్లు. ఎడమ చెవి వినబడదు,
కుడి చెవి స్పీకరుకి ఆనించి కూర్చుంటాడు.
సాయమేమీ చేయలేదు. మూడు ముక్కలడిగాడు.
"ఏం చూశావు?
ఏం ముట్టుకున్నావు?
ముట్టుకున్నాక ఏం మారింది?"

మూడింటికీ నా దగ్గరున్నది ఒకటే జవాబు, వాన.
"సరే, చూసి రా" అని పెట్టేశాడు.

కోపమొచ్చింది.
నిజం చెప్పాలంటే ఆ చలిలో
ఒంటిమీద వెచ్చగా ఉన్నది అదొక్కటే.

పొయ్యి పక్కన, ప్లాస్టిక్ సంచిలో, ఇంజను పుస్తకం.
మా పెదనాన్నది.
ఏడేళ్లుగా దానిమీద మాతే గిన్నె దించుతున్నాను,
ఒక్కసారీ తెరవలేదు.
తెరిస్తే ప్రతి పేజీకీ ఆయన నూనె వేళ్లు,
అంచున పెన్సిలు రాత:
గాలి తీయి. తొందరపడకు. మళ్లీ తీయి.

టార్చి పళ్ల మధ్య కరిచిపట్టి దిగాను.
ట్యాంకు సగముంది.
వడపోత గిన్నెలో అంగుష్ఠమంత నీళ్లు,
తుప్పు రంగులో. తీసేశాను.
చిన్న మర వదులు చేస్తే నురగ వచ్చింది,
నురగ పోయి డీజిలొచ్చింది.
మీట తిప్పితే అంటుకుంది!
ఎందుకో లెక్కపెట్టాను.
నలభై. చచ్చింది.
మళ్లీ గాలి తీసి తిప్పాను. నలభై.
మూడోసారి లెక్కపెడుతుంటే నాకు భయం లేదు,
ముప్పై ఎనిమిది దగ్గర
కొంచెం ఆత్రం మాత్రం ఉంది.

మళ్లీ రేడియో తీశాను.
ఈసారి నా ప్రశ్న
అరచేతిలో పట్టేంత ఉంది.
"నీళ్లు తీశాను. గాలి తీశాను.
అంటుకుంటుంది, నలభై లెక్కకి ఆగిపోతుంది.
మూడుసార్లూ నలభయ్యే."

ఎవరూ మాట్లాడలేదు.
ఆ నిశ్శబ్దంలో పడవలన్నీ
లేచి కూర్చోవడం వినబడింది.

"నాకు తెలీదమ్మా" అన్నాడు ఎలూతెరియో.
ఆయన ఆ మాటనడం ఎప్పుడూ వినలేదు నేను.
"ఉండు, తెల్లారేసరికి వస్తాను. చూడాలనుంది."

"నలభయ్యా?" అంది ఇంకో గొంతు.
ఆవులింత వదిలేసి, కెయిలెన్ మనిషి.
"కచ్చితంగా నలభయ్యేనా?
ట్యాంకు మూత విప్పి తిప్పి చూడు."

విప్పాను.
సీసా మూత తీసినట్టు, లోపలికి, ఒక పెద్ద నిట్టూర్పు.
ఇంజను నలభై దాటింది, డెబ్బై దాటింది,
లెక్కపెట్టడం మానేశాను.

మూతకి గాలి ఆడే సన్నటి రంధ్రం ఒకటుంటుందట.
ఉంది.
దానిమీద, పోయిన ఆదివారం,
నేనే శ్రద్ధగా రెండు పూతలేసిన పసుపు రంగు.

ఆ ఒక్క సంగతీ రేడియోలో చెప్పలేదు.
తెల్లారి ఎలూతెరియో వచ్చాడు.
మూత చూశాడు, నా గోళ్లలో పసుపు చూశాడు,
మిల్కావ్ రొట్టె రెండు ముక్కలు తిని వెళ్లిపోయాడు.

పుస్తకం మీద గిన్నె పెట్టడం మానేశాననుకోకండి.
కానీ ఆ గుండ్రటి మరక మధ్యన ఇప్పుడు
పెదనాన్న రాత కాని పెన్సిలు రాత ఒకటుంది:
రంగేసే ముందు
రంధ్రం ఎక్కడుందో చూడు.